మరచెంబులో మిగిలిన చీటీలు

మోకాళ్ళ ఎక్స్‌రేల కవరు కోసం బీరువా అడుగు అర వెతుకుతుంటే నాన్నగారి మరచెంబు బయటపడింది. వెతికింది నేను కాదు, రూతక్క. నేను మంచం మీద కూర్చుని అక్కడ చూడు, ఇక్కడ చూడు అని చెప్తున్నాను. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన మా అక్క ఇప్పటికీ నేల మీద మఠం వేసుకుని కూర్చోగలదు. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఆమెవి, నల్లబల్ల ముందు నిలబడి పాఠాలు చెప్పిన కాళ్ళు నావి. నా కాళ్ళకు గురువారం ఆపరేషను. గన్నవరంలో ఉండే మా అమ్మాయి సునీత పెద్ద డాక్టరుతో మాట్లాడి, రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించేద్దామని తేదీ తీసుకుని, ఆఫీసులో సెలవు కూడా పెట్టుకుని, ఆ తర్వాత నాకు ఫోన్ చేసింది. నేను ఎప్పటిలాగే "నీ ఇష్టమమ్మా" అన్నాను. ఆస్పత్రిలో నాకు తోడుండటానికి అక్క ఆ పొద్దున్నే మంగళగిరిలో బస్సెక్కి భవానీపురంలోని మా ఫ్లాటుకు వచ్చింది.

చెంబు పాత తువ్వాలులో చుట్టి ఉంది. కలరా ఉండల వాసన మధ్య నుంచి అక్క దాన్ని పైకి తీసి, తువ్వాలు విప్పి, ఒళ్ళో పెట్టుకుంది. ఇత్తడి నల్లబడిపోయింది. మూత బిగుసుకుపోయి ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. లోపల కాగితం కదిలిన చప్పుడు నాక్కూడా వినిపించింది. అమ్మ చివరి రోజుల్లో నా దగ్గర ఉన్నప్పుడు ఆమె పెట్టెతో పాటు ఇది మా ఇంటికి వచ్చింది. తెరవాలని నాకెప్పుడూ తోచలేదు. తోచలేదంటే అబద్ధం అవుతుందేమో, ధైర్యం చాలలేదు.

మా చిన్నప్పటి ఇల్లు ఉయ్యూరు అవతల కాలువ గట్టున, క్రైస్తవ మిషనరీల బడి వెనకాల ఉండేది. నాన్నగారు ఆ బడికి హెడ్మాస్టరు, చర్చి సంఘంలో పెద్ద. చెరకు ఆడే రోజుల్లో గాలి ఇటు తిరిగితే ఇల్లంతా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన నిండిపోయేది. మిగతా రోజుల్లో కిరసనాయిలూ, సుద్దముక్కల పొడీ, అమ్మ వేయించే ఎండుచేపలూ కలిసిన వాసన. నాన్నగారు పొద్దున్నే వరండా స్తంభానికి మేకు కొట్టి తగిలించిన అద్దం ముందు గడ్డం గీసుకునేవారు. సరిగ్గా అప్పుడే అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, బుట్టలో వంకాయలున్నాయి, నాలుగు దోసకాయలున్నాయి, కూర ఏం చెయ్యమంటారని అడిగేది. ఆయన సబ్బు నురగ పూసుకున్న చెంప అటు తిప్పకుండానే దోసకాయ అనేవారు. అమ్మకు ఆ పూట వంకాయ వండాలని ఉన్నా దోసకాయే వండేది. వంకాయ వండాలని ఆమెకు ఉండేదని మాకు ఎలా తెలుసంటే, వంకాయల పేరు ఎప్పుడూ ముందు చెప్పేది. నాన్నగారికి అది ఒక్కనాడూ తెలియలేదు. తెలిసి ఉంటే ఆయనే వంకాయ అనేవారని నేను ఇప్పటికీ నమ్ముతాను, ఎందుకంటే ఆయన చెడ్డవాడు కాదు. మా ఇంట్లో అసలు చెడ్డవాళ్ళెవరూ లేరు, కష్టమంతా అక్కడే ఉంది.

కూరలాంటి చిన్న విషయాలు ఆయన తేల్చేవారు. పెద్దవి మాత్రం దేవుడికి వదిలేవారు. అందుకే ఈ మరచెంబు. ప్రయాణాల్లో మంచినీళ్ళు పట్టుకెళ్ళడానికి కొన్నదే అయినా, నాకు ఊహ తెలిసేసరికి దానికి నీళ్ళతో పని లేకుండా పోయింది. ఏదైనా ఎటూ తేలని సంగతి వస్తే నాన్నగారు శనివారం సాయంత్రం కుటుంబ ప్రార్థనకు ముందు రెండు చీటీలు రాసేవారు. త్రైమాసిక పరీక్షల పేపర్లలో రాయకుండా వదిలేసిన అంచులు కత్తిరించి ఒక కవరులో దాచేవారు, చీటీలకు అవే. ఒకదాని మీద ఒక దారి, రెండోదాని మీద రెండో దారి. ఒకే కొలతలో మడిచి, చెంబులో వేసి, మూత తిప్పి, బాగా కుదిపేవారు. ప్రార్థన అయ్యాక ఆ సంగతి ఎవరికి సంబంధించిందో వాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. తీసింది చదివాక ఇంకెవరూ మాట్లాడకూడదు. రెండో చీటీని చదవకుండానే అమ్మ పొయ్యిలో వేసేది. బైబిల్లో పాతకాలం భక్తులు చేసిన పనే మనమూ చేస్తున్నామనీ, ఇందులో తన పెత్తనం ఏమీ లేదనీ నాన్నగారు అంటుండేవారు. నిజంగానే ఆయన మోసం చేయడం మేమెప్పుడూ చూడలేదు.

ఒకసారి బర్రె సంగతి వచ్చింది. ఉంచుకోవాలా అమ్మేయాలా అని చీటీలు వేశారు. బర్రెకు గడ్డి వేసేది, కుడితి పెట్టేది, పాలు తీసేది అమ్మ. ఇంటి యజమాని కాబట్టి చీటీ తీసింది మాత్రం నాన్నగారు. అమ్మేయమని వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం కొన్నవాళ్ళు తోలుకుపోతుంటే అమ్మ దొడ్లో ఖాళీ గుంజ పట్టుకుని నిలబడింది. దేవుడు చెప్పాక ఏడవడం తప్పనుకుందో ఏమో, ఏడవలేదు. చాలా ఏళ్ళ తర్వాత మా ఇంట్లో మంచాన ఉన్నప్పుడు, పక్క అపార్ట్‌మెంటు వెనక ఎవరిదో గేదె అరిస్తే, ఉన్నట్టుండి మా బర్రె పేరు తలుచుకుంది. నన్నొక్క మాట అడిగుంటే ఉంచమని చెప్పేదాన్నంది. అడిగినా మీ నాన్న వినకపోయేవారేమో, అయినా సరే అంది.

రూతక్క సంగతి ఆ తర్వాత రెండేళ్ళకు వచ్చింది. అక్క పది పాసైంది. గుంటూరులో నర్సు ట్రైనింగుకు సీటు దొరికేలా ఉందని పాస్టరుగారు కబురు పెట్టారు. మా వాళ్ళలో ఆడపిల్ల నర్సు కావడమంటే కుటుంబానికి గౌరవం, భద్రత రెండూ. అక్కకేమో కుట్టుపని మీద ప్రాణం. మంగళగిరిలో అమ్మకు వరసకు చెల్లెలయ్యే ఆవిడ మగ్గాల వీధి పక్కన మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. వేసవి సెలవుల్లో ఆమె దగ్గరికి వెళ్ళొచ్చినప్పటి నుంచి అక్క కనబడిన గుడ్డనల్లా కొలిచేది. నాన్నగారి పాత చొక్కా విప్పి మళ్ళీ కుట్టి, ఎక్కడ విప్పానో చెప్పమని నన్ను అడిగేది. కుట్టుపని నేర్చుకోవడానికి మంగళగిరి వెళ్తానంటే నాన్నగారు నవ్వారు. రెండోసారి అడిగితే నవ్వలేదు. హెడ్మాస్టరు కూతురు నలుగురి జాకెట్లు కుట్టి బతకడమేమిటని అమ్మతో అన్నారు. నెల రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరికి శనివారం నాడు మరచెంబు కిందికి దిగింది.

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. చాప మీద నాన్నగారు, అమ్మ, అక్క, నేను. చీటీలు ఆయన బల్ల దగ్గర మాకు వీపు పెట్టి రాశారు. ఎప్పటికంటే ఎక్కువసేపు పట్టింది. ప్రార్థన కూడా పొడుగ్గా చేశారు. ఆమెన్ అన్నాక మూత తీసి చెంబును అక్క ముందుకు జరిపారు. అక్క చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది.

"నాన్నగారూ, నేను తియ్యనండి."

"తియ్యకపోతే ఎట్లా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసండి. నేను మంగళగిరి వెళ్తాను."

"దేవుడి చిత్తం కంటే నీ ఇష్టం ఎక్కువా?"

"ఆయన చిత్తమేంటో నాకు తెలీదండి. కుట్టుపని మాత్రం నాకిష్టం."

నేను భయంతో అమ్మ కొంగు పట్టుకున్నాను. నాన్నగారు కొట్టలేదు, అరవలేదు. అక్క ముఖంలోకి కాసేపు చూసి, చెంబు తన వైపు లాక్కుని, మూత పెట్టి తిప్పారు. అవసరమైనదానికంటే గట్టిగా తిప్పారు. ఆ రాత్రి అన్నం తినలేదు. సోమవారం పొద్దున అక్క రేకు పెట్టె పట్టుకుని బస్సెక్కింది. నాన్నగారు బడికి వెళ్ళిపోయారు. అమ్మ బస్సు దగ్గరికి వచ్చి, తన కత్తెర గుడ్డలో చుట్టి అక్క చేతిలో పెట్టింది. ఎవర్నీ అడగకుండా అమ్మ చేసిన పని నా ఎరుకలో అదొక్కటే.

ఆ తర్వాత మరచెంబు మళ్ళీ దిగలేదు. నాన్నగారు ఇక అన్నీ తనే తేల్చాల్సి వచ్చింది. అది ఆయన్ని బాగా అలిసిపోయేలా చేసింది. ఎన్ని రోజులు ఆ చెంబు ఆయన బరువు మోసిందో నాకు ఇప్పుడు అర్థమవుతోంది, అప్పుడు కాలేదు. నా పది పూర్తయినప్పుడు ఆయన నన్ను వరండాలోకి పిలిచి, పడక కుర్చీలో కూర్చుని, చాలా మెల్లగా అడిగారు. ఏం చదువుకుంటావమ్మా, నీకేముంది మనసులో అని. చీటీ లేదు, చెంబు లేదు. మా అక్క పోట్లాడి తెచ్చుకున్నది నాకు ఆయనే అడిగి మరీ ఇస్తున్నారు. అక్క వెళ్ళాక ఇంట్లో పేరుకున్న మౌనం నేను నాలుగేళ్ళు అనుభవించాను. ఇంకోసారి అది వస్తుందేమోనని భయం వేసింది.

"మీ ఇష్టం నాన్నగారూ" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని, సరేలే, టీచరు ట్రైనింగు అన్నారు. తేలికపడ్డారో దిగాలుపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాట నాకు అలవాటైపోయింది. పెళ్ళికి ముందు నాన్నగారితో, పెళ్ళయ్యాక మా ఆయనతో, ఆయన పోయాక సునీతతో. మంగళగిరి చీరల కొట్లో కుర్రాడు పది చీరలు పరిచి ఏది కావాలండీ అంటే నేను మా ఆయన వైపు తిరిగేదాన్ని. ఆయన మంచి చీరలే ఎంచేవారు. టీచరు ఉద్యోగం కూడా నాకు మంచిదే అయింది, పిల్లలు నన్ను ఇష్టపడ్డారు, నేను వాళ్ళను ఇష్టపడ్డాను. నష్టపోయానని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. కానీ బాగా జరిగిన పనులకు కూడా ఇది నేను చేశానని సంతోషపడటం నాకు చేతకాలేదు. ఎవరో వండి పెట్టిన భోజనం బాగుందని చెప్పినట్టే ఉండేది.

ఈ కాలపు పిల్లలు వేరు అంటారు. నా మనవరాలు ఫోనులో బిర్యానీ తెప్పించేటప్పుడు నా ముందు తెర పెట్టి, అమ్మమ్మా, నీకేం కావాలో నువ్వే సెలెక్ట్ చేసుకో అంటుంది. యాభై రకాలుంటాయి. వేలు అక్కడా ఇక్కడా తిప్పి, నువ్వు తినేదే నాకూ చెప్పమంటాను. బిర్యానీకి యాభై రకాలు అడిగే ఇంట్లో నా మోకాళ్ళ గురించి మాత్రం నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. వాళ్ళను అనడానికీ లేదు. నన్ను అడిగి ఏం లాభమో వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నారు. అంతకుముందు ఎక్స్‌రేలు చూపించిన రోజు కూడా, డాక్టరు గదిలో ఆయన సునీతతో మాట్లాడుతుంటే నేను సునీత ముఖం చూస్తూ కూర్చున్నాను. ఒక్క ప్రశ్న అడగలేదు.

అక్క వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచుకుని వచ్చింది. చెంబు మూత మీద వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, అడుగు గట్టిగా పట్టుకోమంది. ఇద్దరు ముసలివాళ్ళం ఒక చెంబుతో కుస్తీ పట్టాం. మూడోసారికి మూత కదిలింది. పాత ఇత్తడి వాసన గుప్పుమంది. అక్క చెంబు బోర్లిస్తే రెండు చీటీలు ఆమె అరచేతిలో పడ్డాయి. టీ రంగుకు తిరిగిన కాగితం, మడత దగ్గర చిరిగిపోతోంది. కళ్ళజోడు పెట్టుకుని మొదటిది విప్పింది. పక్కకు ఒరిగినట్టుండే నాన్నగారి నీలి సిరా అక్షరాల్లో 'నర్సు ట్రైనింగు' అని ఉంది. రెండోది విప్పి, చదివి, నా చేతికిచ్చింది. అందులో మంగళగిరి అని లేదు, కుట్టుపని అని లేదు. 'రూతు ఇష్టం' అని ఉంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు వీపు మా వైపు పెట్టి ఆయన అంతసేపు ఏం రాశారో తెలిసింది. కుట్టుపని అని రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదేమో, లేక కూతురి మాటకు కూడా చెంబులో చోటివ్వాలని నిజంగానే అనుకున్నారేమో. న్యాయం చేస్తున్నాననే అనుకుని ఉంటారు. అక్క మాత్రం ఏడవలేదు.

"నా ఇష్టం నాకు రావాలన్నా చీటీ తియ్యాలన్నమాట" అంది, ఎవరితోనో చెప్తున్నట్టు.

నాకు కోపం వచ్చింది. పోనీలే అక్కా, రాశారు గదా, ఒకవేళ అదే తీసి ఉంటే ఏ గొడవా లేకుండా వెళ్ళేదానివి, అమ్మానాన్నలు అన్నేళ్ళు బాధపడకపోయేవాళ్ళు అన్నాను.

"వెళ్ళేదాన్నే. వెళ్ళి, సూది గుచ్చుకున్నప్పుడల్లా దేవుడు నన్నిక్కడికి ఎందుకు పంపించాడా అని ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడవలేదా అంటే, ఏడ్చానే. నర్సునయ్యుంటే ఈపాటికి సుఖంగా ఉండేదాన్ని, అది నాకు తెలీక కాదు. కానీ ఏడ్చినప్పుడు నేనే వచ్చాను గదా అనుకునేదాన్ని. అనుకుని మళ్ళీ మిషనెక్కేదాన్ని."

అక్క జీవితం సులువుగా ఏమీ సాగలేదు. పెళ్ళి ఆలస్యంగా తన ఇష్టప్రకారమే చేసుకుంది, అందులోనూ కష్టాలు పడింది. మిషను మీద వంగి వంగి వెన్ను గూనైంది. మేమంతా జాలిపడేవాళ్ళం. మేము జాలిపడుతున్నామని తెలిసి ఆమె నవ్వేది. ఆ నవ్వు నాకు అర్థం కాక, కాస్త పొగరనుకునేదాన్ని.

చీటీలు రెండూ మళ్ళీ మడిచి చెంబులో వేస్తూ అక్క అడిగింది. "ఇంతకీ నీకు ఆపరేషన్ చేయించుకోవాలని ఉందా లేదా?"

సునీత అన్నీ కుదిర్చింది గదా అన్నాను.

"సునీత సంగతి కాదే."

నువ్వంటే తెగించినదానివి, అందరూ నీలా ఉండలేరని విసుక్కున్నాను. పోనీ చీటీలు వేద్దామా, చెంబు సిద్ధంగానే ఉందంది అక్క. ఇద్దరం నవ్వాం, నాకు దగ్గు వచ్చేదాకా. నవ్వు తగ్గాక అక్క అడిగిందే నన్ను నేను అడుక్కున్నాను. చేయించుకోవాలని ఉందా? మెట్లు దిగుతుంటే ప్రాణం పోతోంది, చర్చి ఆరాధనలో అందరూ నిలబడితే నేను కూర్చునే ఉంటున్నాను. అది ఒకవైపు. మత్తు ఇస్తారంటే భయం. రెండూ ఒకేసారి అంటే ఇంకా భయం. ముందు ఒకటి చేసి చూడకూడదా అని నాకే ఒక ప్రశ్న ఉందని అప్పుడు తెలిసింది. ఆ ప్రశ్న ఎన్నాళ్ళ నుంచి లోపల ఉందో.

ఫోను తీసుకున్నాను. సునీత ఎత్తగానే, కవరు దొరికిందా అమ్మా అంది.

"దొరకలేదు. గురువారం వద్దమ్మా."

"వద్దా? ఎందుకు? భయమేస్తోందా?"

"వేస్తోంది. అందుక్కాదు. చేయించుకోవాలో వద్దో నేనింకా అనుకోలేదు. డాక్టరుగారిని నేను కొన్ని అడగాలి."

పెద్దమ్మ చెప్పిందా ఇలా అనమని, అని సునీత అడిగింది. కోపంగా కాదు, నిజంగానే అలా అనుకుని అడిగింది. నేను అనే మాట నాదై ఉంటుందని నా కూతురికి తట్టలేదు. ఎందుకు తడుతుంది? గుంజ పట్టుకుని నిలబడిన మా అమ్మ గుర్తొచ్చింది నాకు.

"కాదమ్మా, నేనే" అన్నాను.

సునీత నొచ్చుకుంది. సెలవు, తేదీ, పెద్ద డాక్టరు దొరకడం ఎంత కష్టమో, అన్నీ చెప్పింది. అవన్నీ నిజాలే. చివరికి, సరే, మరి ఎప్పుడు చెప్తావంది. అనుకున్నాక చెప్తానన్నాను.

గురువారం వెళ్ళిపోయింది. అక్క మంగళగిరి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు చెంబును చింతపండుతో తోమి బల్ల మీద పెట్టింది, చీటీలు లోపలే ఉన్నాయి. ఇది రాస్తున్న పూటకి నేనింకా ఏదీ తేల్చుకోలేదు. కాగితం మీద అడగాల్సినవి ఏడు ప్రశ్నలు రాసుకున్నాను. బహుశా చేయించుకుంటాను, ముందు ఎడమది. లేదా చేయించుకోను. పొద్దున్న లేచి గోడ పట్టుకుని వంటింటి దాకా నడుస్తుంటే మోకాళ్ళు ఎప్పటిలాగే సలుపుతున్నాయి. బుట్టలో వంకాయలు, దోసకాయలు ఉంటే చాలాసేపు వాటి ముందు నిలబడి, వంకాయలు తీసుకుంటున్నాను. కూర్చుని తరుగుతుంటే నొప్పి కాళ్ళ వెంట పాకుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి, ఇది నేను ఉంచుకున్న నొప్పి.